తక్కువ ఖరీదు స్టీరియో రిసీవర్ – వాడినవారి మాట

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. ప్రత్యేక సంచిక కోసం రాసి ఇచ్చినది.)



పోయిన నెల సమావేశంలో డి.ఆర్. బకాయిల మీదా, మెడికల్ బిల్లుల మీదా మాట్లాడి మాట్లాడి అందరం అలసిపోయాక కార్యదర్శి గారు నా వైపు తిరిగి, "మీ ఇంట్లో ఆ పాటల పెట్టె సంగతి వచ్చే నెల ఒక అరగంట చెప్పండి. అడిగేవాళ్లు ఎక్కువయ్యారు" అన్నారు. నేను ఇంజనీరును కాను. 1973లో జూనియర్ అసిస్టెంటుగా చేరి 2009లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. మధ్యలో ప్రమోషన్ల సంగతి దయచేసి ఇక్కడ అడగవద్దు. నాకు తెలిసిన విద్య ఒక్కటే. ఫైలు తెరిచి, అందులో ఎవరెవరు ఏం రాశారో చదివి, కింద నోటు పెట్టడం. ఈ విషయానికీ అదే చేశాను. మన సభ్యుల్లో ఇటువంటి పెట్టె ఉన్న నాలుగిళ్లకు వెళ్లి కూర్చుని విన్నాను. మా ఇల్లు ఐదోది. ఎవరి పేర్లూ చెప్పను. పనిచేసిన శాఖను బట్టి చెబితే మీకే తెలుస్తుంది.

ముందు ఆ డబ్బు ఎక్కడిదో చెప్పాలి, లేకపోతే మీరంతా అదే ఆలోచిస్తూ కూర్చుంటారు. రిటైరైనప్పుడు పెన్షన్ కమ్యూట్ చేసుకున్నాను. 15 ఏళ్లు నిండి 2024లో ఆ కోత ఆగింది. పెరిగిన మొత్తంలో మొదటి నాలుగు నెలలది పక్కన పెట్టి దీనికి వాడాను. మా ఆవిడ అంగీకారంతోనే.

రిసీవర్ అనే మాట మనకు కొత్త కాదు. 1980ల వరకు రేడియో ఉన్న ప్రతివాడూ పోస్టాఫీసుకు వెళ్లి బ్రాడ్‌కాస్ట్ రిసీవర్ లైసెన్సు పుస్తకంలో స్టాంపు అంటించుకుని వచ్చేవాడు. ఆ రిసీవరే ఇది, కాస్త పెద్దదైంది. రేడియో పట్టే భాగం, బలం ఇచ్చే ఆంప్లిఫయర్, ఏది వినాలో ఎంచుకునే మీట, మూడూ ఒకే పెట్టెలో ఉంటే దాన్ని స్టీరియో రిసీవర్ అంటారు. రేడియో భాగం లేకపోతే అది ఒట్టి ఆంప్లిఫయర్. స్పీకర్లు దీనితో రావు, విడిగా కొనాలి. ఈ మాట దుకాణంలో ఆఖరున చెబుతారు. పెట్టెకు పెట్టినంతా స్పీకర్లకూ పెట్టవలసి వస్తుందని మొదటే లెక్క వేసుకోండి. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ పెట్టాలంటే నా ఓటు స్పీకర్లకే. పెట్టెకూ పెట్టెకూ వినికిడిలో తేడా తక్కువ, స్పీకరుకూ స్పీకరుకూ చాలా ఎక్కువ.

ఇక మొదటి ఇల్లు, ఎక్సైజు మిత్రుడిది. ఆయన నన్ను చూడగానే అన్న మాట, "మాస్టారూ, వేల వాట్లు అన్నాడు, పక్కింటి మిక్సీ ముందు నిలబడటం లేదు." ఆయన కొన్నది అసలు రిసీవర్ కాదు, ఎగ్జిబిషన్ స్టాల్లో అమ్మిన మరో రకం పెట్టె. అట్ట మీద వాట్ల అంకె పక్కన పి.ఎం.పి.ఓ. అని చిన్న అక్షరాలు ఉన్నాయి. అంటే క్షణంలో ఏ కొద్ది భాగమో ఎగిరిపడే బలం. దాన్ని కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి అంటూ లేదు, అమ్మేవాడు వేసిందే అంకె. మనం చూడవలసింది ఆర్.ఎం.ఎస్. వాట్లు, అంటే నిలకడగా ఇవ్వగలిగే బలం. అదీ ఒక్కో ఛానెల్‌కు ఎంత, ఎన్ని ఓముల స్పీకరు మీద, అని మూడూ కలిపి రాస్తేనే లెక్క. స్పెషల్ పే, పర్సనల్ పే అన్నీ కలిపి జీతం ఇంత అని పెళ్లిచూపుల్లో చెప్పేవాళ్లు చూశారూ, ఆ తేడా. పెన్షన్ లెక్కకు పనికొచ్చేది బేసిక్కే కదా.

అసలు మనకు ఎన్ని వాట్లు కావాలి? ఇది తెలిసినప్పుడు నాకూ ఆశ్చర్యమే వేసింది. మామూలు హాల్లో మామూలుగా వినేటప్పుడు ఖర్చయ్యేది ఒకటి రెండు వాట్లు. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సు మాత్రమే, అంటే ఏదో కాస్త పెరిగినట్టు తెలుస్తుంది. చెవికి రెండింతలైనట్టు వినపడాలంటే పది రెట్ల వాట్లు కావాలి. కాబట్టి 50 వాట్ల దానికీ 100 వాట్ల దానికీ తేడా కోసం ఒక నెల పెన్షన్ ధార పోయనక్కర లేదు.

రెండో ఇల్లు రిజిస్ట్రేషన్ శాఖ మిత్రుడిది. వాళ్లబ్బాయి అమెరికా నుంచి వస్తూ సూట్‌కేసులో రిసీవర్ పెట్టుకొచ్చాడు. ఏడు కిలోల పెట్టె కోసం ఎన్ని ఆవకాయ జాడీలు తిరుగు ప్రయాణంలో దిగిపోయాయో ఆవిడ చెప్పింది. అబ్బాయి చెన్నై వెళ్లిన రోజున పెద్దాయన దాన్ని మన ప్లగ్గులో పెట్టాడు. ఒక్క టప్ మన్న శబ్దం, సన్నగా పొగ. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 సైకిళ్లు. మనది 230, 50. రిపేరు ఖర్చు కొత్త పెట్టె సగం ధర అయింది. ఫోన్ ఛార్జర్లు, లాప్‌టాప్‌లు రెండింటికీ సర్దుకుంటాయి గనుక అన్నీ అంతే అనుకుంటాం. ప్లగ్గు దగ్గరకు తీసుకెళ్లే ముందు వెనక అచ్చువేసిన వోల్టేజీ చదవాలి. 100 నుంచి 240 అని ఉంటే భయం లేదు. 120 అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. సెట్టు మీద రాసిన వాట్లకు రెట్టింపు వి.ఎ. ఉన్నది కొనండి. అది బరువుగా ఉంటుంది, కాస్త గుయ్యిమంటుంది, వాడనప్పుడు స్విచ్ తీసెయ్యాలి. ఈ బాదరబందీ అంతా కలుపుకుంటే పిల్లలను అక్కడి నుంచి స్పీకర్లు తెమ్మనండి, వాటికి కరెంటు ప్లగ్గు ఉండదు గనుక ఈ గొడవ లేదు. రిసీవర్ మాత్రం ఇక్కడే కొనండి అని నా సలహా.

రికార్డు ప్లేయరు అయితే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా సైకిళ్లు మారవు. కరెంటు సైకిళ్లను బట్టి తిరిగే మోటారు ఉన్న అమెరికా ప్లేయరు ఇక్కడ ఆరింట ఐదో వంతు వేగంతోనే తిరుగుతుంది. నిమిషానికి 33 చుట్లు పైచిలుకు తిరగవలసినది 28 చుట్లకు కూడా చేరదు. సుశీలమ్మ గొంతు మగవాళ్ల గొంతైపోతుంది. అడాప్టరుతో నడిచే డి.సి. మోటారు ప్లేయర్లకు ఈ బాధ లేదు.

అదే ఇంట్లో ఇంకో చిక్కు. అమెరికాలో ఎఫ్.ఎం. స్టేషన్లన్నీ 88.1, 88.3, ఇలా బేసి అంకెల మీదే ఉంటాయి. కొన్ని అక్కడి సెట్లు ఆ మెట్ల మీదే అడుగేస్తాయి. హైదరాబాదు వివిధభారతి 102.8 లాంటి సరి అంకె వాటికి దొరకదు. అటూ ఇటూ గరగర. కొన్నిటిలో ఈ మెట్టు మార్చే ఏర్పాటు ఉంటుంది, మాన్యువల్ చివరి పేజీల్లో వెతకాలి.

మూడో ఇల్లు ట్రెజరీ మిత్రుడిది. ఆయన ఫిర్యాదు వేరు. "రేడియో ఉందన్నారు, నా రేడియో లేదు" అంటాడు. నిజమే. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మన తరం ముల్లు తిప్పి నిలిపిన చోటు మీడియం వేవ్‌లో 837. ఈ కాలపు చవక రిసీవర్లలో చాలా వాటికి ఎఫ్.ఎం. ఒక్కటే ఉంటుంది, మీడియం వేవ్ ఉండదు. ఉదాహరణకు 2018లో వచ్చిన సోనీ ఎస్.టి.ఆర్. డి.హెచ్.190లో ఎఫ్.ఎం., బ్లూటూత్ ఉన్నాయి, రికార్డు ప్లేయరుకు ప్రత్యేకమైన ఫోనో సాకెట్టు ఉంది, రెండు జతల స్పీకర్లకు చోటుంది, కాని మీడియం వేవ్ లేదు. యమహా ఆర్.ఎస్.202 అమెరికా నమూనాలో ఎఫ్.ఎం.తో పాటు ఎ.ఎం. ఉంది, ఫోనో సాకెట్టు లేదు. ఒక్కో చవక పెట్టె ఒక్కో చోట పొదుపు చేస్తుంది. అది మనకు అక్కరలేని చోటా, కావలసిన చోటా అని చూసుకోవడమే కొనేవాడి పని. ట్రెజరీ మిత్రుడికి మనవరాలు దారి చూపింది. ఆకాశవాణి వారి న్యూస్ ఆన్ ఎయిర్ అనే యాప్ ఫోన్లో పెట్టి, బ్లూటూత్ ద్వారా రిసీవరుకు కలిపింది. ప్రాదేశిక వార్తలు ఇప్పుడు హాల్లో గరగర లేకుండా వస్తున్నాయి. కాకపోతే వార్తల మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే వార్తలు ఆగిపోతాయి. "పాత మర్ఫీ ఎప్పుడైనా మధ్యలో ఆగి మా బావమరిది ఫోన్ అని చెప్పిందా?" అని ఆయన అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. పాత ఫోన్ ఒకటి సిమ్ తీసేసి, ఇంటి వై-ఫైకి కలిపి దీనికే కేటాయించండి, అది చాలు.

టీవీని కలపబోయి భంగపడ్డవాళ్లు కూడా ఉన్నారు. కొత్త టీవీల్లో వెనకటి ఎరుపు తెలుపు సాకెట్లు చాలా వరకు పోయాయి. ఆప్టికల్ అనీ హెచ్.డి.ఎం.ఐ. అనీ ఉన్నాయి. చవక స్టీరియో రిసీవర్లలో అవి తరచు ఉండవు. మధ్యలో డిజిటల్‌ను అనలాగ్‌గా మార్చే అగ్గిపెట్టెంత కన్వర్టరు పెట్టుకోవాలి. పెట్టాక కూడా శబ్దం రాకపోతే టీవీ సెట్టింగుల్లో ఆడియో అన్న చోట పి.సి.ఎం. అని ఎంచుకోవాలి. ఇంతే సంగతి. ఒక మిత్రుడు దీని కోసం మెకానిక్‌కు మూడుసార్లు ఆటో ఖర్చులిచ్చాడు.

నాలుగో ఇల్లు పంచాయతీరాజ్ మిత్రుడిది. అక్కడ నేను వెళ్లిన పని మరిచిపోయి రెండు గంటలు కూర్చున్నాను. ఆయన నాన్నగారు హరిదాసు. 1982లో ఒక పెళ్లి పందిట్లో ఆయన చెప్పిన కథను ఎవరో టేప్ రికార్డర్‌లో పట్టారు. ఆ క్యాసెట్ ఒక్కటే ఆ గొంతుకు మిగిలిన ఆనవాలు. చిన్న టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు తీసి రిసీవర్ ముందున్న సాకెట్టులో పెట్టాడు. అంతే. చిడతల శబ్దం ఒక పక్క నుంచి, ముందు వరసలో ఎవరో పిల్లవాడి ఏడుపు, మధ్యలో పెద్దాయన గొంతు. ఒకే మైకుతో పట్టిన టేపుకు స్టీరియో ఏముందని మీరు అడగవచ్చు. ఏమీ లేదు. మంచి స్పీకర్లలో విన్నప్పుడు అది గదంత గొంతు అయింది, అంతే. క్యాసెట్లు ఉన్నవారు దయచేసి ఇంకా ఆలస్యం చేయకండి. టేపు ఎండిపోతుంది, అతుక్కుంటుంది. రిసీవరులో వినడం సంతోషమే, కాని వినడానికి ముందే పిల్లల చేత కంప్యూటర్‌లోకి ఎక్కించండి.

రికార్డుల సంగతి ఈ ఊళ్లో చాలామందికి కావాలని తెలుసు. ఘంటసాల వారి భగవద్గీత రికార్డు ఎన్ని ఇళ్లలో బీరువా మీద ఉందో! రికార్డు ప్లేయరు సూది నుంచి వచ్చే కరెంటు బహు స్వల్పం, వోల్టులో వెయ్యో వంతులు నాలుగైదు. మామూలు సాకెట్టులో పెడితే దోమ పాడినట్టు ఉంటుంది. ఫోనో అని రాసి ఉన్న సాకెట్టు దాన్ని పెంచడమే కాక, రికార్డు చెక్కేటప్పుడు తగ్గించిన మంద్ర స్వరాలను తిరిగి సమం చేస్తుంది. అది లేని రిసీవర్ ఉన్నవారు విడిగా ఫోనో ప్రీఆంప్ అనే చిన్న డబ్బీ కొనుక్కోవచ్చు. కొత్త ప్లేయర్లలో కొన్నిటికి అది లోపలే ఉంటుంది. రెండు చోట్లా ఉంటే ఒకటి ఆపాలి, లేకపోతే శబ్దం పగిలిపోతుంది. పాత సూట్‌కేసు ప్లేయర్లలో చాలా వాటివి సెరామిక్, క్రిస్టల్ పికప్‌లు. వాటి బలం ఎక్కువ, వాటిని ఫోనోలో పెట్టకూడదు. ప్లేయరు నుంచి వచ్చే సన్నని ఎర్తు వైరును రిసీవర్ వెనక మరకు బిగించండి. గుయ్యి అనే ఫిర్యాదుల్లో చాలా భాగం అక్కడే తీరుతుంది.

ఐదోది మా ఇల్లు. నా అభిప్రాయం ఎవరూ అడగనక్కర లేదు, కొన్నవాడు బాగుందనే అంటాడు. కాబట్టి మా ఆవిడ మాట చెబుతాను.

మాకు 1976లో పెళ్లయింది. అప్పటి నుంచి తెల్లవారి భక్తిరంజని వింటూ ఆవిడ కాఫీ కలపడం, నేను పేపరు కోసం గుమ్మంలో నిలబడటం. సెట్లు మారాయి, ఇళ్లు మారాయి, ఆ గంట మారలేదు. కొత్త పెట్టె వచ్చిన నెలకు ఆవిడ వంటింట్లోనే ఉండిపోవడం మొదలైంది. "ఏం, రావటం లేదేం?" అంటే, "దీంట్లో వినపడుతోందండీ, తెలియడం లేదు" అంది. సౌండు పెంచితే "గోల" అంది. తగ్గిస్తే "గొణుగుతోంది" అంది. పాత రేడియో తీసి పెట్టి చూశాను. అదీ గొణుగుతోందంది. పంచాయతీరాజ్ మిత్రుడి ఇంట్లోనూ అదే మాట. మూడు పెట్టెలు ఒకే తప్పు చేయవు కదా. చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాం.

ఆయన ఒక గదిలో కూర్చోబెట్టి సన్నవీ లావువీ స్వరాలు వినిపించి గీత గీసి ఇచ్చాడు. ఆడియోగ్రామ్ అంటారు. కింది స్వరాలన్నీ దాదాపు మామూలుగా ఉన్నాయి. 2000 హెర్ట్జ్ దాటాక గీత మెట్లు దిగినట్టు దిగిపోయింది. వయసుతో వచ్చే వినికిడి తగ్గుదల చాలామందిలో ఇలాగే పైస్వరాల నుంచి మొదలవుతుందట. అచ్చుల బలం కింది స్వరాల్లో ఉంటుంది. స, శ, త, క, ప లాంటి హల్లులు తెలిసేది పై స్వరాల్లో. అందుకని మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది, ఏమన్నాడో తెలియదు. సౌండు పెంచితే అచ్చులే పెద్దవవుతాయి, హల్లులు వెనకే ఉంటాయి. ఆవిడ వాడిన మాట చూడండి, వినపడుతోంది, తెలియడం లేదు. డాక్టరు ఇంగ్లీషులో చెప్పిన పది నిమిషాలూ అందులోనే ఉన్నాయి.

ఇక్కడ కూర్చున్న వాళ్లలో ఎంతమంది ఇళ్లలో టీవీ సౌండు గురించి రోజూ రగడ జరుగుతోందో నేను చేతులెత్తమనను. చాలా ఇళ్లలో దాన్ని సెట్టు మీదకో, కోడలి మీదకో, "ఈ కాలపు యాంకర్ల తెలుగు" మీదకో తోసేస్తున్నాం. యాంకర్ల తెలుగు సంగతి వేరే మాట్లాడుకోవలసిందే. కాని ముందు చెవి పరీక్ష.

ఆవిడకు వినికిడి మిషను పెట్టారు. దానితో పాటు రిసీవరులో నేను చేసినవి రెండు పనులు. ఒకటి, బాస్ తగ్గించి ట్రెబుల్ పెంచాను. రెండోది అసలైనది. చాలా రిసీవర్లకు వెనక ఎ, బి అని రెండు జతల స్పీకర్లకు చోటుంటుంది. అదెందుకో పెద్ద బంగళాల వాళ్లకు అనుకుంటాం. నేను ఎ జతను హాల్లో ఉంచి, బి జతగా రెండు చిన్న స్పీకర్లు కొని ఆవిడ కుర్చీ పక్క అరలో, చెవికి ముప్పాతిక మీటరు దూరంలో పెట్టాను. అంతకు ముందు స్పీకర్లు మూడు మీటర్ల దూరంలో ఉండేవి. దూరం సగమైతే 6 డెసిబెల్సు లాభం, పావు వంతైతే 12. గదిలో గోడల ప్రతిధ్వని వల్ల లెక్క నిక్కచ్చిగా రాదు గాని, 12 డెసిబెల్సు పెట్టెలో పెంచాలంటే పదహారు రెట్ల వాట్లు కావాలి. ఇక్కడ ఐదు మీటర్ల వైరుతో తీరింది. దగ్గర్నుంచి వచ్చే మాటలో ప్రతిధ్వని తక్కువ గనుక స్పష్టం కూడా. హెడ్‌ఫోన్ పెట్టవచ్చు కదా అని మా అబ్బాయి అన్నాడు. ఆ తీగ గుచ్చగానే స్పీకర్లు మూగబోతాయి. అప్పుడు ఆవిడ ఒక్కతే వినాలి. మాకు కావలసింది అది కాదు.

ఎ, బి రెండూ కలిపి వాడేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. స్పీకర్లు ఒక్కొక్కటి ఎన్ని ఓములకు తగ్గకూడదో రిసీవర్ వెనకో మాన్యువల్‌లోనో చూసుకోవాలి. రెండు 8 ఓముల స్పీకర్లు పక్కపక్కన చేరితే రిసీవరుకు అవి 4 ఓములుగా కనిపిస్తాయి, సెట్టు తట్టుకోగలిగిన దానికన్నా తగ్గితే వేడెక్కి ఆగిపోతుంది. వేడి అన్నాను గనుక ఇంకొకటి. ఐదిళ్లలో మూడింట్లో రిసీవర్ మీద కుట్టుపని చేసిన గుడ్డ పరిచి ఉంది. ఒకచోట దాని మీద వెంకటేశ్వరస్వామి పటం, పటం ముందు దీపం. పైన ఉన్న చీలికలు గాలి కోసం. గుడ్డ తీసెయ్యండి. స్వామివారిని గోడకు మార్చండి.

అభిప్రాయాలు అడిగేటప్పుడు ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారని తప్పకుండా అడగండి. వారం రోజుల వాడకం వాడు శబ్దం గురించి చెబుతాడు. ఏడాది వాడినవాడు రిమోట్ బొత్తాలు ఎంత చిన్నవో, సర్వీసు వాళ్లు ఊరికి వస్తారో రారో, బిల్లు దాచుకోకపోతే వారంటీ ఏమయిందో చెబుతాడు. మనకు రెండోవాడు కావాలి.

ప్రస్తుతం మా ఇంట్లో ఉదయం సంగతి. ఆవిడ కాఫీ కలిపి తెచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంటోంది. మొన్న ఒక కీర్తనలో గాయకుడు ఒక మాట మింగేశాడని నాతో వాదించింది. నాకు ఆ తేడా వినపడలేదు. వచ్చే వారం నా చెవుల పరీక్షకు టోకెన్ తీసుకుంది.

రికార్డులు, క్యాసెట్లు ఉండి వినే సాధనం లేనివారు ఏ ఆదివారమైనా పది గంటల తరువాత మా ఇంటికి తీసుకురావచ్చు, విందాం. 78 చుట్ల లక్క రికార్డులు మాత్రం తేకండి. వాటి గాడి వెడల్పు, ఆ సూది నా దగ్గర లేదు. టీ సిద్ధంగా ఉందని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. సెలవు.